నాగాయలంక వైండింగ్ షాపు నోట్‌బుక్కు

6 నవంబరు 2023, సోమవారం

పొద్దున్నే గుల్లలమోద వైపు రొయ్యల చెరువుల నుంచి రెండు ఏరేటర్ మోటార్లు ఆటోలో వేసుకొచ్చారు. రెండూ రెండు హెచ్‌పీవే. మూత విప్పగానే మాడిన ఎనామిల్ కంపు. ఒకదాంట్లో ఒక ఫేజు కాయిళ్లు బొగ్గయిపోయాయి, మిగతా రెండు ఫేజులూ నిన్న చుట్టినట్టు ఎర్రగా ఉన్నాయి. డెల్టా మోటారు ఈ వాలకంలో కనపడితే ఇంకెవర్నీ అడగక్కర్లేదు. రాత్రి లైన్లో ఒక ఫేజు పోయింది. స్టార్టరులో రిలే పని చెయ్యలేదు. మోటారు మూలిగి మూలిగి కాలింది. రైతు మాత్రం "కరెంటు ఎక్కువొచ్చి కాలింది మేస్త్రీ" అంటాడు. వచ్చింది ఎక్కువ కాదు బాబూ, ఒకటి తక్కువ అంటే నమ్మడు.

కుర్రాడు కాలిన కాయిళ్లని ఉలితో ఒక పక్క తెగ్గొట్టి, రెండో పక్క నుంచి పటకారుతో లాగేశాడు. స్లాట్లు గీకి, కాగితాలు దూర్చి, వెదురు పుల్లలు చెక్కి పెట్టుకున్నాడు. నేను ఫర్మా మీద కొత్త తీగ చుట్టడం మొదలెట్టాను. మోటారుకి రమారమి రెండు కిలోల రాగి పడుతుంది.

మధ్యాహ్నం బేరం లేదు. బిల్లు పుస్తకం వెనక ఆ రెండు కిలోలకే లెక్క వేశాను. 63.5 గ్రాముల రాగిలో అవొగాడ్రో సంఖ్య అన్ని పరమాణువులు. రెండు కిలోలకి 19 పక్కన 24 సున్నాలు. ఒక్కో రాగి పరమాణువు ఒక్కో ఎలక్ట్రాన్‌ని ఊళ్లోకి వదిలేస్తుంది, అది ఏ పరమాణువుకీ కట్టుబడకుండా లోహమంతా తిరుగుతుంది. అలా తిరిగేవాటి ఆవేశం మొత్తం కూడితే 30 లక్షల కూలుంబులు. ఒక ఆంపియరు కరెంటు ముప్పై అయిదు రోజులు ఆపకుండా పారితే దాటే ఆవేశం అంత.

మామూలు పిడుగు నేలకి దించేది ఐదు నుంచి ఇరవై కూలుంబులు.

బల్ల మీదున్న రీలుని చేత్తో పట్టుకుని చూశాను. చురుక్కుమనదు, వెంట్రుక లేవదు. తీగలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో వాటికి సరిగ్గా సరిపడా ధనావేశం కేంద్రకాల్లో ఉంది కాబట్టి. కూడికలో సున్నా. అంతేగాని లోపల ఏమీ లేక కాదు. మనం ఎలక్ట్రిసిటీ అని భయపడేదంతా ఈ సున్నా ఎక్కడో రవ్వంత చెదిరినప్పటి సంగతి.

7 నవంబరు, మంగళవారం

నిన్నటిదే ఇంకా తలలో తిరుగుతోంది.

ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ నుంచి ఎలక్ట్రాన్లు తీగల మీద పరిగెత్తుకుంటూ నాగాయలంక దాకా వస్తాయనీ, మనం వాడుకున్నాక అవి అయిపోతాయనీ, అందుకే బిల్లు కడుతున్నామనీ మా కుర్రాడి నమ్మకం. వాణ్ణి అనుకునేదేముంది, డిగ్రీలు చదివినవాళ్ల బుర్రలో బొమ్మ కూడా అదే. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ విప్పి చూస్తే చాలు. ప్రైమరీ తీగకీ సెకండరీ తీగకీ మధ్య అతుకే లేదు. కాగితం, నూనె ఉన్నాయి. ప్రైమరీలో ఉన్న ఎలక్ట్రాన్ సెకండరీలోకి దాటదు. స్టేషన్ నుంచి మన ఇంటికొచ్చే దారిలో ఇలాంటి తెంపులు ఎన్నో. సెంటర్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్నుంచి మా షాపు మీటరు దాకా ఉన్న తీగలో ఏ ఎలక్ట్రాన్లున్నాయో అవే ఉంటాయి.

అవైనా పారుతున్నాయా అంటే, అదీ లేదు. కరెంటు లేనప్పుడు కూడా రాగిలో ఎలక్ట్రాన్లు సెకనుకి పదిహేను వందల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో అన్ని దిక్కులా కొట్టుకుంటూనే ఉంటాయి. ఎటూ మొగ్గు లేదు కాబట్టి అది కరెంటు కాదు. స్విచ్ వేస్తే ఆ గందరగోళానికి ఒక పక్కకి చిన్న మొగ్గు వస్తుంది. ఏరేటర్ కాయిల్లో తీగ మందం, అందులో పోయే ఆంపియర్లు వేసి చూస్తే ఆ మొగ్గు సెకనుకి మిల్లీమీటరులో మూడో వంతు. చీమ నయం. పైగా మనది ఏసీ, సెకనుకి యాభైసార్లు ముందుకీ వెనక్కీ. మొత్తం ఊగేది మిల్లీమీటరులో వెయ్యోవంతులు ఓ మూడు. తీగ మీద ఎనామిల్ పూత ఉందే, దాని మందంలో పదోవంతు.

కోతమిల్లులు రాకముందు మా వీధిలో దూలాలు కోసేవాళ్లు. పైన ఒకడు, కింద ఒకడు, మధ్యలో నిలువెత్తు రంపం. రంపప్పళ్లు జానెడు పైకీ జానెడు కిందకీ ఆడేవి తప్ప ఎక్కడికీ పోయేవి కావు, సాయంత్రానికి దూలం మాత్రం రెండయ్యేది. ఎలక్ట్రాన్లు చేసేదీ అదే. ఇబ్రహీంపట్నంలో బొగ్గు కాల్చి చేసేది ఆ ఊపే. ఆ ఊపు తీగ వెంట దాదాపు కాంతి వేగంతో వస్తుంది. బిల్లు దానికి.

చెరువులో నీళ్లు చిలికేది నేను చుట్టిన రాగిలోని ఎలక్ట్రాన్లు. సరుకు నాది, ఊపు వాళ్లది. ఈ మాట కుర్రాడికి చెప్తే "అయితే రేటు పెంచుదాం సార్" అన్నాడు.

9 నవంబరు, గురువారం

మా చెల్లెలి కూతురు అవనిగడ్డ కాలేజీ నుంచి దిగి సరాసరి షాపుకొచ్చింది. ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. ఆవేశాల పాఠం మొదలెట్టారట.

"మామయ్యా, దువ్వెనకి కాగితం ముక్కలు అతుక్కుంటాయని పుస్తకంలో ఉంది. అరగంట నుంచి దువ్వుతున్నా, ఒక్కటీ అతుక్కోట్లా."

ఎలా అతుక్కుంటుంది? మూడు పక్కలా నీళ్లు, ఓ పక్క సముద్రం. దివిసీమ గాలి పిండితే నీళ్లు కారతాయి. దువ్వెన మీద చేరిన ఆవేశం కంటికి కనపడని తేమపొర మీదుగా జారుకుంటుంది. ఆ పాఠం రాసినాయన ఏ చలి దేశంలోనో పొడిగాలిలో రాసుకున్నాడు. దాన్ని మన పిల్లలకి ఉన్నదున్నట్టు దించేశారు. వచ్చే నెలల్లో చలి తిరిగినా ఇక్కడ మంచు కురుస్తుంది గాని గాలి పొడిబారదు.

వార్నిష్ ఆరబెట్టే పెట్టె ఉంది కదా, బల్బులు పెట్టింది. అందులో జానెడు పీవీసీ గొట్టం ముక్క, పాత దినపత్రిక కాసేపు పెట్టి తీశాం. వేడి వేడిగా ఉండగానే కాగితంతో గొట్టాన్ని గట్టిగా రుద్ది కుళాయి దగ్గరికి పట్టుకెళ్లాం. కుళాయి సన్నగా, తీగలా కారేట్టు పెట్టాను. గొట్టం దగ్గరికి తేగానే నీటి ధార విల్లులా వంగింది. పిల్ల కేక పెట్టింది. కుర్రాడు పని వదిలేసి వచ్చాడు. టీ కొట్టాయన కూడా తొంగి చూశాడు. కాసేపటికి గొట్టం చల్లారింది, ధార నిటారైంది. మళ్లీ వేడి చేస్తే మళ్లీ వంగింది.

"ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయి మామయ్యా గొట్టం మీదకి?"

అలా రుద్దితే చేరేది కూలుంబులో పది కోట్ల వంతు అనుకోమన్నాను. ఒక కూలుంబు అంటే 62,400 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లు. భాగించింది. ఆరు వేల కోట్ల పైన వచ్చింది. నోరు తెరిచింది. కాగితం నుంచి ఆరు వేల కోట్లు పోయినా కాగితానికి ఏ లోటూ తెలియదు, గొట్టానికి ఏ బరువూ తెలియదు. పుట్టిందేమీ లేదు, ఇక్కడివి అక్కడికి మారాయి. కాగితం ఎంత ధనమో గొట్టం అంత ఋణం.

ఏది ధనం ఏది ఋణం అన్నది బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టిపోయిన లెక్క. గాజుని రుద్దితే వచ్చేదాన్ని ధనం అనుకుందామన్నాడు. అప్పటికి ఎలక్ట్రాన్ సంగతి ఎవరికీ తెలియదు. తీరా చూస్తే కదిలేది ఋణం వైపుది. అందుకని ఇప్పటికీ పుస్తకాల్లో కరెంటు బాణం ఒక వైపు, ఎలక్ట్రాన్లు రెండో వైపు. పిల్లలకి ఇది పెద్ద తద్దినం. నాకైతే అలవాటైపోయింది.

19 నవంబరు, ఆదివారం

ఊరు ఊరంతా టీవీల ముందు. క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ పోయింది. ఎనిమిదింటికే సద్దుమణిగే ఊరు పదింటి దాకా అరుగుల మీద కూర్చుని రోహిత్‌ని తిడుతూనే ఉంది.

ఇవాళ్టి తేదీ మా ఇంట్లో ఇంకో సంగతి. 1977 ఉప్పెన. సొర్లగొంది, పాలకాయతిప్ప, ఇంకా ఎన్నో ఊళ్లు. మా నాన్న బతికినన్నాళ్లూ ఈ రోజు రాత్రి అన్నం తినలేదు. ఉప్పెన దిగిపోయాక పొలాల్లో ఉప్పు తెల్లగా మేటవేసిందని, ఆ చేలు మళ్లీ మామూలు కావడానికి ఏళ్లు పట్టాయని చెప్పేవాడు.

24 నవంబరు, శుక్రవారం

బందరు వెళ్లొచ్చాను. చిలకలపూడిలో ఒక ప్లేటింగ్ షాపాయన రెక్టిఫైయర్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకున్నాడు, అది బిగించడానికి.

రోల్డ్‌గోల్డ్ పని బయటివాళ్లు అనుకున్నంత సులువు కాదు. నగ చెయ్యడం ఒక ఎత్తు, మెరుగు పెట్టి, జిడ్డు వదిలించి, ఆమ్లంలో ముంచి, కడిగి, మళ్లీ కడిగి తొట్టెదాకా తేవడం ఒక ఎత్తు. వేలి జిడ్డు ఒక్క చుక్క మిగిలినా అక్కడ పూత పొక్కుతుంది. తొట్టెలో పొటాషియం గోల్డ్ సయనైడ్ ద్రావణం. గాజుల దండని రాగి తీగకి గుచ్చి ఋణధ్రువానికి తగిలించి దించుతారు. నాలుగైదు వోల్టులు. చేత్తో ముట్టుకున్నా షాక్ కొట్టదు (సయనైడ్ కాబట్టి ముట్టుకోకూడదు, అది వేరే). ఎర్రగా దిగిన గాజు చూస్తూండగానే పసుపెక్కి వచ్చింది.

కుతూహలం కొద్దీ అక్కడే లెక్క వేశాను. ఒక జత గాజుల పైభాగం, లోభాగం కలిపి యాభై చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. ఒక మైక్రాన్ మందాన పూత వెయ్యాలంటే గ్రాములో పదోవంతు బంగారం కావాలి. బంగారం ఇక్కడ లెక్కలో మహా నిక్కచ్చి. ఒక పరమాణువు దిగాలంటే ఒక ఎలక్ట్రాన్ ఇవ్వాలి, తక్కువ కుదరదు. 197 గ్రాములకి 96,485 కూలుంబులు. ఆ చొప్పున గాజుల జతకి 47 కూలుంబులు. పిడుగు దించేదానికి రెండింతల పైన!

2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని పేపర్లో వచ్చింది. ఆ వారమంతా చెట్టు కిందకి వెళ్లడానికి జనం భయపడ్డారు. చిలకలపూడిలో ఒక్కో గాజుల జతకి ఒక పిడుగుని మించిన ఆవేశాన్ని టీ తాగుతూ తొట్టెల్లోకి వదులుతున్నారు. తేడా ఎక్కడుందంటే, పిడుగు తన పది కూలుంబుల్ని కోట్ల వోల్టుల ఎత్తునుంచి, రెప్పపాటులో పడేస్తుంది. తొట్టె తన వాటాని నాలుగు వోల్టుల గట్టు మీంచి నిమిషాల తరబడి దింపుతుంది. ఆవేశం ఎంత అన్నదాన్ని బట్టి కాదు భయం.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఈ ద్రావణంలో బంగారం సయనైడ్‌తో కలిసి ఋణావేశపు అయానుగా ఉంటుంది. ఋణం ఋణాన్ని నెట్టాలి కదా, మరి ఋణధ్రువానికే ఎలా చేరుతోంది? కరెంటు లాక్కురాదు. గాజుల దగ్గర బంగారం అయిపోతుంటే ద్రావణంలో ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకి తనంతట తనే వ్యాపిస్తుంది. అందుకే పనివాళ్లు దండని ఊపుతూ ఉంటారు. దగ్గరికొచ్చాక ఎలక్ట్రాన్ అందుతుంది, బంగారం సయనైడ్ చెయ్యి వదిలేస్తుంది. అవతలి పలక దగ్గర నీళ్లు అంతే లెక్కన ఎలక్ట్రాన్లు వదులుకుని ఆక్సిజన్ బుడగలవుతాయి. ఇక్కడ కూడా ఏదీ ఖర్చు కాలేదు. నీళ్ల పద్దు నుంచి బంగారం పద్దుకి మారింది.

ఈ లెక్క ఫారడే 1830ల్లోనే తేల్చాడు. ఎంత ఆవేశానికి ఎంత లోహం అన్నది అంత కచ్చితంగా ఉందంటే ఆవేశం గింజలు గింజలుగా ఉండాలి అని తరవాతివాళ్లు ఊహించారు. ఆ గింజకి 1891లో స్టోనీ ఎలక్ట్రాన్ అని పేరు పెట్టాడు. 1897లో జె.జె. థామ్సన్ గాలి తీసేసిన గాజుబుడ్డిలో దాన్ని పట్టుకున్నాడు. అంటే ఎలక్ట్రాన్‌ని గాజుబుడ్డికంటే ముందు ప్లేటింగ్ తొట్టే చూపించింది. నా అభిప్రాయం ఇది. పాఠ్యపుస్తకాలు తొట్టెని వెనక చాప్టర్లో పడేశాయి.

తిరుగు బస్సు దొరికేసరికి చీకటి పడింది. బందరు అంటే ఇంకో సంగతి గుర్తొస్తుంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ ఇక్కడికే వచ్చాడు. గుంటూరులో ఫ్రెంచి వాడు జాన్సెన్, ఇంగ్లీషు వాడు టెన్నంట్. స్పెక్ట్రోస్కోపుల్లో సూర్యుడి అంచు మంటల వెలుగు విడివిడి గీతలుగా కనపడింది. అందులో పసుపు గీతని మొదట చాలామంది సోడియంది అనుకున్నారు. కాదని, పక్కనే ఉన్న వేరే గీత అని అదే ఏడు అక్టోబరులో లండన్ నుంచి లాకియర్ తేల్చాడు. హీలియం అన్నారు. భూమ్మీద అది దొరికింది 1895లో. ఆ పసుపు, హీలియంలో ఒక ఎలక్ట్రాన్ పై మెట్టు నుంచి కింది మెట్టుకి దిగినప్పుడు విడిచే కాంతి. పాగ్సన్ 1891లో పోయాడు, స్టోనీ పేరు పెట్టిన ఏడాదే. బందరులో తన గొట్టంలో ఎలక్ట్రాన్ల పనే చూశానని తెలిసే వీలు ఆయనకి లేకపోయింది.

26 నవంబరు, ఆదివారం

పిల్లకి మిల్లికన్ నూనె చుక్కల పాఠం. రెండు పలకల మధ్య నూనె తుంపర వదిలి, ఒక్క చుక్కని దుర్భిణిలో పట్టుకుని, వోల్టేజీతో దాన్ని గాల్లో నిలబెడతాడు. ఏ చుక్క ఆవేశం చూసినా ఒకే చిన్న అంకెకి గుణకం: ఒకటి, రెండు, ఏడు, ఎంతైనా సరే, ఒకటిన్నర మాత్రం లేదు. 1909లో మొదలెట్టి 1913కి అచ్చు వేశాడు, 1923లో నోబెల్ వచ్చింది. అంకె కాస్త తక్కువ వచ్చింది, గాలి చిక్కదనానికి వాడిన విలువ తప్పడం వల్ల. 2019 నుంచి కొలవక్కర్లేకుండా ఆ అంకెనే ప్రమాణం చేసేశారు: 1.602176634 కూలుంబుల్ని ఒకటి పక్కన పంతొమ్మిది సున్నాలు పెట్టి భాగించుకోవాలి.

నూనె వాడిన పనిలో శిష్యుడు హార్వే ఫ్లెచర్ చెయ్యి చాలా ఉంది. ఆ పేపరు మీద పేరు మాత్రం గురువుది ఒక్కటే. వేరే పేపరు శిష్యుడికి వదిలేసి ఒప్పందం చేసుకున్నారు. ఫ్లెచర్ ఆ సంగతి రాసిపెట్టి, తను పోయాకే బయటపెట్టమన్నాడు. ఎవరికి కావాలి ఇది, ఒక మార్కు ప్రశ్నలో మిల్లికన్ ఒక్కడే వస్తాడు.

5 డిసెంబరు, మంగళవారం

మిచాంగ్ తుపాను. మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటిందన్నారు. ఇక్కడ నిన్నటి నుంచి వాన వాన. కోతకొచ్చిన వరి నేలకి అంటుకుంది. కోసి పనల మీదున్నది ఇంకా అన్యాయం.

కరెంటు రాత్రే తీసేశారు. తియ్యడం మంచిదే, తెగిన తీగ నీళ్లలో పడితే మనుషులు పోతారు. చెరువుల వాళ్లు జనరేటర్లకి డీజిలు కోసం పరుగులు. ఏరేటర్ ఆగితే రొయ్యకి ఊపిరి గంటల లెక్క.

కొవ్వొత్తి పెట్టుకుని రాస్తున్నాను. "కరెంటు పోయింది" అని ఊరంతా అంటోంది. బయట స్తంభాల మీద తీగలున్నాయి, వాటిలో ఎలక్ట్రాన్లు నిన్నెన్ని ఉన్నాయో ఇవాళా అన్నే, అదే జోరున కొట్టుకుంటున్నాయి. ఊపు లేదు, అంతే. మనకి కావలసింది ఆ ఊపే కాబట్టి ఈ పాండిత్యం వల్ల ఒక్క రొయ్యా బతకదు.

11 డిసెంబరు, సోమవారం

ఇవాళ కోపంగా ఉంది.

ఒక చెరువు మీద పనిచేసే కుర్రాడికి నిన్న షాక్ కొట్టింది. పడవలోంచి ఏరేటర్ ఫ్రేము పట్టుకున్నాడు, చెయ్యి వదల్లేదు. గట్టు మీదున్నవాడు మెయిన్ లాగాడు కాబట్టి బతికాడు. నన్ను పిలిస్తే వెళ్లి చూశాను. మోటారు టెర్మినల్ పెట్టెలోకి నీళ్లు పోయి ఫేజు బాడీకి తగిలింది. అది ఎవరికైనా అవుతుంది, తుపాను. కాని ఎర్త్ తీగ ఉండాల్సిన చోట తీగే లేదు. ఆర్‌సీసీబీ ఊడదీసి డైరెక్టు కలిపేశారు. అడిగితే "ఊరికే ట్రిప్ అవుతోంది మేస్త్రిగారూ, రాత్రుళ్లు ఎవరు కాపలా కాస్తారు" అన్నారు. ట్రిప్ అవడమే దాని ఉద్యోగం! ఊరికే ఎందుకవుతుంది?

ఆ ఆర్‌సీసీబీ పెట్టెలో ఉన్నదేమిటి? ఎర్త్ తప్ప అన్ని తీగలూ ఒక ఇనప చుట్టలోంచి దూరి వెళతాయి. ఏ క్షణాన చూసినా లోపలికి వెళ్లిన ఆవేశం, బయటికి వచ్చిన ఆవేశం కూడితే సున్నా కావాలి. కాలేదంటే ఎక్కడో, ఎవరి ఒంట్లోంచో నేలకి దారి పట్టింది. 30 మిల్లీఆంపియర్లు తేడా వస్తే సెకనులో మూడోవంతు లోపే కొట్టేస్తుంది. ఆవేశం ఎక్కడా పుట్టదు, చావదు అని ఇంటర్ పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది కదా, ఆ వాక్యానికి ఒక బటనూ ఒక స్ప్రింగూ తగిలించి అమ్ముతున్నారు. దాన్ని పీకి పారేశారు.

మనిషి ఒంట్లో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు లేవు. ఉన్నది ఉప్పునీరు. సోడియం, పొటాషియం, క్లోరైడ్ అయాన్లు. నరం ఆడటం, గుండె కొట్టుకోవడం అన్నీ వాటి రాకపోకలే, వోల్టులో పదోవంతు వ్యవహారం. బయటి కరెంటు ఆ అయాన్లని తన యాభైసార్ల ఊపులోకి లాగుతుంది. పది పదిహేను మిల్లీఆంపియర్లకే పిడికిలి బిగుసుకుని తెరుచుకోదు. యాభై దాటి గుండె మీదుగా పోతే గుండె లయ తప్పుతుంది. ఎండిన చర్మం కొంత అడ్డు పడుతుంది. ఉప్పునీళ్లలో నానిన చెయ్యి ఏం అడ్డుపడుతుంది?

కొత్త ఆర్‌సీసీబీ బిగించి, గట్టు మీద ఎర్త్ గొట్టం దిగ్గొట్టించి వచ్చాను. మన నేలలో ఎర్త్ బ్రహ్మాండంగా వస్తుంది, ఉప్పు తేమ కదా. కాని ఆ ఉప్పే గొట్టాన్ని తినేస్తుంది. నాలుగేళ్లకోసారి తవ్వి చూసుకోవాలి. ఎవరూ చూసుకోరు.

4 జనవరి 2024, గురువారం

తెల్లారి మంచు. ఐదు గంటలకి లైను ట్రిప్. కాసేపటికి వేశారు. మళ్లీ ట్రిప్. ఈ నెలంతా ఇదే తంతు.

నడకకి వెళ్లినప్పుడు కరకట్ట పక్క లెవెన్ కేవీ స్తంభం దగ్గర ఆగాను. పింగాణీ ఇన్సులేటర్ దగ్గర బుస్సుమని చప్పుడు. చీకట్లో తేరిపార చూస్తే పింగాణీ ఒంటి మీద ఊదారంగు పోగులు పాకుతున్నాయి. ఓ చోట ఆరిపోతాయి, ఇంకో చోట పుడతాయి. సముద్రం నుంచి వచ్చే గాలి ఉప్పుని నెలల తరబడి పింగాణీ మీద పూస్తుంది. ఎండగా ఉన్నప్పుడు దానివల్ల ఏమీ కాదు. గట్టి ఉప్పులో సోడియం, క్లోరైడ్ అయాన్లు స్ఫటికంలో బిగుసుకుని కదలవు. మంచు పడి కరిగిందా, కదలడం మొదలు. కరెంటు పింగాణీ పైన పాకుతుంది, ఆ వేడికి అక్కడక్కడా ఆరి చారలు పడతాయి, మొత్తం వోల్టేజీ ఆ సన్న చారల మీదకొస్తుంది. సెంటీమీటరుకి 30 వేల వోల్టులు దాటితే గాలి కూడా లొంగిపోతుంది. ఒక ఎలక్ట్రాన్ వేగం పుంజుకుని నైట్రోజన్‌ని గుద్ది ఇంకో ఎలక్ట్రాన్‌ని ఊడగొడుతుంది, రెండూ కలిసి నాలుగు. ఊదారంగు ఆ నైట్రోజన్‌దే. పాగ్సన్ చూసిన పసుపుకీ దీనికీ పుట్టుక ఒకటే, మెట్ల దూరాలు వేరు.

ఏడింటికి లైన్‌మన్ వచ్చి, లైన్ క్లియర్ తీసుకుని, ఎక్కి గుడ్డతో తుడిచాడు. గుడ్డ నాలిక్కి తగిలించి "ఉప్పు చేప" అన్నాడు. కొత్త లైన్లకి సిలికాన్ ఇన్సులేటర్లు పెడుతున్నారు. వాటి మీద నీరు పొరలా పరుచుకోదు, చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, దారి కలవదు. తీరం వెంట అన్నిటికీ అవే వేస్తే ఈ తెల్లవారుజాము ట్రిప్పులు సగం తగ్గుతాయని నా నమ్మకం. నన్నడిగేదెవరు.

17 జనవరి, బుధవారం

పండగ అయిపోయింది. పిల్ల ఇవాళ హాస్టలుకి వెళ్లిపోతుంది. పొద్దున టిఫిను తింటూ, "ఎలక్ట్రాన్ ఆవేశం, ప్రోటాన్ ఆవేశం సమానం అని ఒక్క లైను రాసేశారు మామయ్యా. బరువులో ఒకదానికొకటి 1,836 రెట్లు తేడా. ఆవేశం మాత్రం ఎందుకు సమానం?" అంది. మంచి ప్రశ్న. ఇప్పటిదాకా అడిగినవాటిలో ఇదే అసలు ప్రశ్న.

సమానం కాకపోతే ఏమయ్యేదో మోటారు రాగి మీదే లెక్క కట్టి చూపించాను. ఒక రాగి పరమాణువులో 29 ప్రోటాన్లు, 29 ఎలక్ట్రాన్లు. రెండు కిలోల్లో ఒక్కో పక్షానికి దాదాపు 8.8 కోట్ల కూలుంబులు. ఇప్పుడు ప్రోటాన్ ఆవేశం ఎలక్ట్రాన్‌ది కంటే వంద కోట్లలో ఒక వంతు ఎక్కువ ఉందనుకుందాం. అంత మాత్రం తేడా. అప్పుడు నా బల్ల మీద మీటరు దూరంలో పెట్టిన రెండు మోటార్ల రాగి ఒకదాన్నొకటి ఏడు వేల టన్నుల బలంతో నెట్టుకుంటుంది. షాపు ఉండదు, నాగాయలంక ఉండదు. రాగి ముద్దగా నిలవనే నిలవదు.

కొలిచి చూశారు కూడా. ఒకటి పక్కన 21 సున్నాలు పెట్టి భాగిస్తే వచ్చేంత చిన్న తేడా కూడా కనపడలేదు. ఎందుకు అంత కచ్చితం అంటే డిరాక్ 1931లో ఒక దారి చూపించాడు. ఒంటరి అయస్కాంత ధ్రువం విశ్వంలో ఒక్కటున్నా చాలు, ఆవేశం గింజలుగానే ఉండి తీరాలని. ఆ ఒంటరి ధ్రువం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. కాబట్టి ప్రశ్న అలాగే ఉంది.

పిల్ల శ్రద్ధగా విన్నది. చెయ్యి కడుక్కుని బ్యాగు సర్దుకుంటూ, "పరీక్షలో ఇది రాదుగా మామయ్యా" అంది.

రాదు.